పెట్టెలో ఉన్నది ఏ రోజు ఎమ్డెన్?

చెన్నైలో హైకోర్టు ప్రహరీకి తూర్పు వైపున ఒక చిన్న ఫలకం ఉంది. 1914 సెప్టెంబరు 22 రాత్రి ఎమ్డెన్ అనే జర్మన్ యుద్ధనౌక పేల్చిన గుండు ఇక్కడ పడిందని దాని మీద రాసి ఉంటుంది. ఏదో కోర్టు పని మీద వెళ్లిన బంధువుకి తోడుగా వెళ్లి, ఊరికే నిలబడలేక అటూ ఇటూ తిరుగుతూ దాన్ని చూశాను. మద్రాసు మీద జర్మన్లు గుళ్లు పేల్చారన్న సంగతి నాకు స్కూల్లో ఎవరూ చెప్పలేదు. ఇంటికొచ్చి చదవడం మొదలుపెట్టాను. చదివినకొద్దీ ఆ ఓడని చేతుల్లో పట్టుకుని చూడాలనిపించింది. ప్లాస్టిక్ మోడళ్లు కట్టే అలవాటు నాకు ముందునుంచీ ఉంది. రెవెల్ కంపెనీ చేసిన 1/350 ఎమ్డెన్ కిట్ తెప్పించుకున్నాను.

పెట్టె విప్పి, ముక్కలు లెక్కపెట్టుకుని, రంగుల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను. ఓడకి తెల్ల రంగు వెయ్యాలా, బూడిద రంగు వెయ్యాలా? పొగగొట్టాలు మూడా, నాలుగా? పక్కన వేలాడే పడవలన్నీ పెట్టాలా, కొన్ని తీసెయ్యాలా? ఇంటర్నెట్లో చూస్తే ఒక్కొక్కరు ఒక్కోలా కట్టారు. ఎవరిది కరెక్టో తేల్చుకుందామని కూర్చుంటే, దాదాపు అందరిదీ కరెక్టేనని అర్థమైంది. ఒకరు శాంతికాలంలోని ఎమ్డెన్ కట్టారు. ఇంకొకరు ఇప్పటి మలేసియాలోని పెనాంగ్ రేవులోకి చొరబడిన తెల్లవారుజాము నాటిది, మరొకరు చివరి పొద్దున నాటిది కట్టారు. కిట్ మనకి ఓడని ఇస్తుంది. రోజుని మనమే ఎంచుకోవాలి. ఈ చిక్కుముడి విప్పాలంటే మూడు సంగతులు తెలియాలి: ఈ ఓడ ఏమిటి, 350వ వంతుకి తగ్గించినప్పుడు ఏం నిలుస్తుంది ఏం మాయమవుతుంది, ఏ రోజున అది ఎలా ఉండేది.

హిందూ మహాసముద్రంలో రెండు నెలలు

ఎమ్డెన్ పెద్ద యుద్ధనౌకేం కాదు. జర్మన్లు దాన్ని చిన్న క్రూయిజర్, అంటే వేగంగా దూరాలు తిరిగే మధ్యరకం యుద్ధనౌక, అనేవాళ్లు. డాన్‌జిగ్ రేవులో, అంటే ఇప్పటి పోలండ్‌లోని గ్డాన్స్క్‌లో, 1906లో పని మొదలుపెట్టి 1908 మే 26న నీళ్లలోకి దించారు. పొడవు 118 మీటర్లు, వెడల్పు 13.5 మీటర్లు. పది ఫిరంగులు, ఒక్కొక్కటీ 10.5 సెంటీమీటర్ల వ్యాసం గుళ్లు పేల్చేవి. 23 నాట్లు దాటే వేగం, అంటే గంటకి 43 కిలోమీటర్ల పైచిలుకు. బొగ్గుతో నడిచే పన్నెండు బాయిలర్లు.

చైనా తీరంలో జర్మన్ల చేతిలో ఉన్న చింగ్‌తావ్ రేవు దీని స్థావరం. మొదటి ప్రపంచ యుద్ధం మొదలవగానే జర్మన్ తూర్పు ఆసియా నౌకాదళం దక్షిణ అమెరికా వైపు బయల్దేరింది. ఎమ్డెన్ కెప్టెన్ కార్ల్ ఫాన్ ముల్లర్ మాత్రం ఒంటరిగా హిందూ మహాసముద్రంలోకి వెళ్తానని అడిగి ఒప్పించుకున్నాడు. సెప్టెంబరు రెండో వారానికి బంగాళాఖాతంలో ఉన్నాడు. సెప్టెంబరు 10న ఇండస్ అనే ఓడ దొరికింది. అందులో సబ్బులు దండిగా ఉన్నాయి. సిబ్బందికి ఆ తర్వాత సబ్బుకి లోటు లేకుండా పోయింది. తర్వాత లొవాట్, కబింగా, కిలిన్, డిప్లొమాట్, క్లాన్ మాథెసన్ అని వరసగా చిక్కాయి. పట్టుకున్న ఓడల్లోని మనుషుల్ని ముందు సురక్షితంగా దింపి, ఆ తర్వాతే ఓడని ముంచేవాడు ముల్లర్. శత్రువులు కూడా అతని గురించి గౌరవంగా రాయడానికి కారణం అదే. కలకత్తా నుంచి మద్రాసు దాకా, మధ్యలో మన కోస్తా పక్కనుంచి పోయే ఓడల రాకపోకలు ఆగిపోయాయి.

ఆపైన మద్రాసు. అప్పట్లో అది మద్రాసు ప్రెసిడెన్సీకి రాజధాని. కోస్తా జిల్లాలూ రాయలసీమా ఆ ప్రెసిడెన్సీలోవే, కాబట్టి ఆ రాత్రి గుళ్లు పడింది మన రాజధాని మీదే. రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో ఎమ్డెన్ తీరానికి సుమారు మూడు కిలోమీటర్ల దూరంలోకి వచ్చి, సెర్చిలైట్లు వేసి, బర్మా ఆయిల్ కంపెనీ చమురు ట్యాంకుల మీద కాల్పులు మొదలుపెట్టింది. పేల్చినవి సుమారు 130 గుళ్లు. ట్యాంకులు అంటుకున్నాయి. రేవులో ఒక వర్తక ఓడకి దెబ్బ తగిలింది, కొందరు చనిపోయారు. తీరం మీది ఫిరంగులు కొన్ని గుళ్లు తిరిగి పేల్చాయి గానీ ఒక్కటీ తగల్లేదు. లైట్లు ఆర్పేసి ఎమ్డెన్ చీకట్లో కలిసిపోయింది. ఆస్తి నష్టం కంటే భయం ఎక్కువ పని చేసింది. వేలమంది నగరం వదిలి రైళ్లెక్కి, బళ్లు కట్టుకుని పోయారు. తమిళంలో ఇప్పటికీ ఏ పనైనా తెగించి, తెలివిగా చక్కబెట్టే మనిషిని "ఎమ్డెన్" అంటారు. ఒక ఓడ పేరు వందేళ్లు దాటి ఒక భాషలో మామూలు మాటగా మిగిలిపోవడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

అక్టోబరు 28 తెల్లవారుజామున పెనాంగ్ రేవులోకి దూరి రష్యా క్రూయిజర్ జెమ్‌చుగ్‌ని ముంచింది. బయటికి వస్తూ ఫ్రెంచ్ డిస్ట్రాయర్ మూస్కే‌ని కూడా. నవంబరు 9న హిందూ మహాసముద్రంలోని కోకోస్ దీవుల దగ్గర ఆస్ట్రేలియా క్రూయిజర్ సిడ్నీకి దొరికిపోయింది. సిడ్నీ ఫిరంగులు ఆరంగుళాలవి, పెద్దవి, ఎక్కువ దూరం పోయేవి. ఓడ పనికిరాకుండా పోయాక ముల్లర్ దాన్ని నార్త్ కీలింగ్ దీవి పగడపు దిబ్బ మీదికి ఎక్కించేశాడు. 130 మందికి పైగా సిబ్బంది చనిపోయారు.

350వ వంతులో ఏం నిలుస్తుంది

ఇక స్కేల్ సంగతి. 1/350 అంటే అసలు ఓడలో 350 సెంటీమీటర్లు ఉన్నది మోడల్లో ఒక సెంటీమీటరు. 118 మీటర్ల ఎమ్డెన్ 34 సెంటీమీటర్లకి వస్తుంది. స్కూలు పిల్లల స్కేలు కంటే కాస్త పొడుగు. ఈ 350 అనే అంకె ఎక్కడిదని చాలామంది అడుగుతారు. 1971లో జపాన్‌లోని షిజువోకాకి చెందిన నాలుగు కంపెనీలు, తమియా, హసెగావా, అవోషిమా, ఫుజిమి, పోటీ మాని, ఓడలన్నీ ఒకే కొలతలో చేద్దామని ఒప్పందానికి వచ్చి 1/700 ఎంచుకున్నాయి. 1/350 దానికి సరిగ్గా రెట్టింపు. అంతకుముందు చాలా కంపెనీలు ముందు పెట్టె సైజు అనుకుని, ఓడ అందులో పట్టేలా చేసేవి. 1953లో రెవెల్ చేసిన మిస్సోరి యుద్ధనౌక 1/535లో ఉండటం అందుకే. ఆ పద్ధతిలో రెండు ఓడలు పక్కపక్కన పెడితే ఏది పెద్దదో తెలిసేది కాదు.

పొడవు 350 వంతులు తగ్గితే మిగతావన్నీ అంతే తగ్గుతాయని అనుకుంటాం. అలా జరగదు. ఉపరితలం 350 ఇంటు 350, అంటే లక్షా ఇరవై రెండు వేల ఐదొందల వంతులు తగ్గుతుంది. బరువు ఇంకోసారి 350తో, అంటే దాదాపు నాలుగు కోట్ల ఇరవై తొమ్మిది లక్షల వంతులు. బొగ్గూ, గుళ్లూ, నీళ్లూ నింపుకున్న ఎమ్డెన్ బరువు 4,268 టన్నులు. ఈ లెక్కన మోడల్ బరువు దాదాపు 100 గ్రాములు ఉండాలి. ఒక సబ్బు బిళ్ల బరువు. ఈ లెక్క మొదటిసారి వేసినప్పుడు కాసేపు ఆ కాగితం కేసే చూస్తూ కూర్చున్నాను. నాలుగొందల మంది దాకా బతికిన ఇనుప ఊరు, అరచేతిలో సబ్బు బిళ్లంత బరువు.

చిక్కు మందాల దగ్గర వస్తుంది. డెక్ అంచున మనిషి నడుము దాకా వచ్చే రెయిలింగ్ ఎత్తు ఒక మీటరు అనుకుంటే మోడల్లో మూడు మిల్లీమీటర్లకి కాస్త తక్కువ. అది బాగానే ఉంది. కానీ ఆ రెయిలింగ్ ఊచ మందం రెండున్నర సెంటీమీటర్లు అనుకుంటే మోడల్లో 0.07 మిల్లీమీటర్లు, అంటే మన తలవెంట్రుక మందం. కరిగిన ప్లాస్టిక్‌ని స్టీలు అచ్చులోకి ఒత్తిడితో పంపి చేసే ముక్క అంత సన్నగా రాదు. ప్లాస్టిక్ ఆ సందులోకి చేరకముందే చల్లారిపోతుంది, చేరినా అచ్చు నుంచి తీసేటప్పుడు విరిగిపోతుంది. అందుకే ప్లాస్టిక్ కిట్లలో సన్నగా ఉండాల్సినవి లావుగా ఉంటాయి, లేదంటే అసలు ఉండవు. ఫిరంగి గొట్టం చూడండి. ఎమ్డెన్ ఫిరంగి పొడవు దాని వ్యాసానికి 40 రెట్లు, అంటే 4.2 మీటర్లు. మోడల్లో సరిగ్గా 12 మిల్లీమీటర్లు. దాని నోటి రంధ్రం 0.3 మిల్లీమీటర్లు. దానికి సూదిమొనతో చిన్న గుంట పెట్టి, అందులో నల్లరంగు చుక్క ఆనిస్తే చాలు, ఫిరంగి ఫిరంగిలా కనిపిస్తుంది.

ఓడ పక్కల గుండ్రటి కిటికీలు బోలెడుంటాయి. ఒక్కోటి మోడల్లో ఒక మిల్లీమీటరుకి అటూఇటూ. కిట్‌లో అవి లోతులేని గుంటలుగా ఉంటాయి, రంగు వేస్తే మూసుకుపోతాయి. చేత్తో తిప్పే చిన్న డ్రిల్లుతో ఒక్కొక్కటీ లోపలికి తవ్వాలి. నేను నాలుగు రాత్రులు ఆ పనే చేశాను. బిట్టు కాస్త వంగినా రంధ్రం వరస తప్పుతుంది, వరస తప్పిందంటే ఓడ మొహం మారిపోతుంది. ముందు పెన్సిల్‌తో గీత గీసి, సూదితో ప్రతి గుంట నడుమా చిన్న చుక్క పొడిచి, ఆ చుక్కలోనే బిట్టు ఆనించి తిప్పాలి. బిట్టుకి తెల్లటి ప్లాస్టిక్ పొట్టు సన్నటి సేమియాలా చుట్టుకుంటుంది. పది కిటికీలకోసారి దాన్ని తుడుచుకోవాలి, లేకపోతే వేడెక్కి ప్లాస్టిక్ కరిగి రంధ్రం అంచు ఉబ్బుతుంది.

రంగు మందం కూడా లెక్కలోకి వస్తుంది. ఒక పూత 0.03 మిల్లీమీటర్లు అనుకుందాం. అది అసలు ఓడ మీద సెంటీమీటరు మందం తారు పూసినట్టు. మూడు పూతలు వేస్తే మూడు సెంటీమీటర్లు. కిట్ చేసినవాళ్లు కష్టపడి చెక్కిన గీతలన్నీ దాని కింద పూడిపోతాయి. అందుకే పల్చగా, గాలితో రంగు చిమ్మే ఎయిర్ బ్రష్‌తో వెయ్యాలని పెద్దవాళ్లు చెబుతారు. మన దగ్గర ఇంకో కష్టం వాన. జులైలో నేను మొదటిసారి హల్‌కి, అంటే ఓడ ఒంటికి, రంగు కొట్టినప్పుడు తెల్లారి చూస్తే పైన పాలపొర కమ్మింది. గాల్లో తేమ ఎక్కువుంటే లాకర్ రంగు ఆరేటప్పుడు ఆ తేమని పట్టుకుంటుంది. అంతా గీకి, ఎమ్రీ పేపర్‌తో రుద్ది, దసరా దాటాక మళ్లీ వేశాను.

మరి ఏది చెయ్యాలి, ఏది వదిలెయ్యాలి? ఇక్కడ నాకు బాగా ఉపయోగపడిన లెక్క ఒకటుంది. మోడల్‌ని మనం సాధారణంగా 60 సెంటీమీటర్ల దూరం నుంచి చూస్తాం. దాన్ని 350తో హెచ్చిస్తే 210 మీటర్లు. అంటే రేవు గట్టు మీద నిలబడి 210 మీటర్ల అవతల లంగరేసిన ఎమ్డెన్‌ని చూస్తున్నట్టు. అంత దూరం నుంచి మామూలు కంటికి విడివిడిగా ఆనేది ఆరు సెంటీమీటర్లకి పైబడిన వస్తువు. అంతకంటే చిన్నవైన రివెట్లు, అంటే ఇనుప రేకుల్ని బిగించే మేకు తలలు, కనిపించవు. వాటిని మోడల్ మీద గుచ్చిగుచ్చి చూపించడం తప్పే అవుతుంది. చాలా కిట్ల మీద ఇనుప రేకుల అతుకులు, రివెట్లు చేత్తో తడిమితే తగిలేంత లావుగా ఉంటాయి. అవి ఉంటే "డీటెయిల్ బాగుంది" అని మెచ్చుకుంటాం, కానీ ఆ ఓడని చూసిన మనిషికి అవి కనిపించి ఉండవు.

అయితే కంటికి ఒక గుణం ఉంది. చుక్కని పట్టలేని దూరం నుంచి కూడా పొడుగాటి గీతని పట్టుకుంటుంది. కరెంటు తీగ సన్నగా ఉన్నా ఆకాశం మీద ఎంత దూరం నుంచైనా కనిపిస్తుంది చూడండి, అలాగ. అందుకే రివెట్లని వదిలేసినా రెయిలింగులనీ, మాస్టుల మధ్య వైర్‌లెస్ తీగలనీ వదలకూడదు. ఓడ బొమ్మలో ప్రాణం వాటిలోనే ఉంటుంది. రెయిలింగులకి ఇత్తడి రేకుని యాసిడ్‌తో కొరికించి చేసిన ఫోటో ఎచ్ ముక్కలు విడిగా దొరుకుతాయి. తీగలకి నాకు నచ్చిన పద్ధతి పాతది. ముక్కలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ కాడ ఉంటుందే, స్ప్రూ అంటారు, దాన్ని కొవ్వొత్తి మంటకి కాస్త పైన తిప్పుతూ వేడిచెయ్యాలి. మెరుపు వచ్చి మెత్తబడగానే మంట నుంచి పక్కకి తీసి, రెండు చేతులతో మెల్లగా లాగాలి. అరిసెల పాకం తీగ సాగినట్టు సాగుతుంది. తొందరగా లాగితే వెంట్రుక, నిదానంగా లాగితే దారం. ఒక కాడ నుంచి నాలుగు తీగలు పనికొస్తే అదృష్టం. మాస్టు మీద అంటించాక మంట ఆర్పిన అగరొత్తి నిప్పుని తాకించకుండా దగ్గరగా తెస్తే, వదులుగా ఉన్న తీగ తనంతట తానే బిగుసుకుంటుంది. క్షణం ఎక్కువైతే తెగుతుంది.

తెల్ల హంస, బూడిద ఓడ

ఇప్పుడు అసలు ప్రశ్న. ఏ రోజు?

1914 జూన్ నాటి ఎమ్డెన్ కట్టాలంటే హల్ తెలుపు, పైకట్టడాలూ పొగగొట్టాలూ పసుపు కలిసిన గోధుమ రంగు. వేడి దేశాల్లో తిరిగే జర్మన్ ఓడలన్నిటికీ అప్పట్లో అదే వేషం. ఎండ వేడి తగ్గుతుంది, చూడ్డానికీ హుందాగా ఉంటుంది. "తూర్పు హంస" అని దానికి ముద్దుపేరు వచ్చింది ఆ రంగులోనే. యుద్ధం ముంచుకొచ్చాక మొత్తం బూడిద రంగు పూసేశారు. మద్రాసుకి వచ్చింది ఆ బూడిద ఓడే. తెల్ల ఎమ్డెన్ అందంగా ఉంటుంది, నిజమే. కానీ దాని కింద "మద్రాసు, 1914" అని పేరు పలక పెట్టడం తప్పు. అలాంటివి చాలా చూశాను.

ఆ బూడిద ఎలాంటి బూడిద? ఇక్కడ ఫోటోలు మోసం చేస్తాయి. ఆ కాలం ఫోటో ప్లేట్లకి ఎరుపు దాదాపు ఆనదు, పసుపు కూడా సరిగ్గా ఆనదు, నీలం మాత్రం ఎక్కువ ఆనుతుంది. దాంతో ఎర్రటిది ఫోటోలో నల్లగా, పసుపుది ముదురుగా, నీలం ఆకాశం తెల్లగా వస్తుంది. శాంతికాలం ఫోటోల్లో ఎమ్డెన్ పొగగొట్టాలు ముదురుగా కనిపించడానికి కారణం ఇదే. అవి చూసి "పొగగొట్టాలకి ముదురు బూడిద వేశారు" అని తేల్చేసినవాళ్లు ఉన్నారు. జర్మన్ జెండాలోని ఎర్ర పట్టీ కూడా అందుకే ఫోటోల్లో నల్లపట్టీకి కవల పిల్లలా ఉంటుంది. నలుపు తెలుపు ఫోటో చూసి రంగు తేల్చేముందు, ఆ ఫోటో ఏ కాలంది, ఏ ప్లేటు మీద తీసింది అని ఆలోచించుకోవాలి.

మోడల్ చిన్నది కాబట్టి రంగులో కాస్త తెలుపు కలపాలని ఒక వాదన ఉంది. దూరంగా ఉన్న కొండలు పాలిపోయి కనిపిస్తాయి కదా, మోడల్ కూడా దూరంగా ఉన్నట్టే లెక్క కాబట్టి పాలిపోవాలి అంటారు. పైన వేసుకున్న లెక్క ప్రకారం ఆ దూరం 210 మీటర్లే. ఎండలో 210 మీటర్లకి రంగు అంతగా పాలిపోదు, సముద్రం మీద కూడా. నేను మాత్రం కొంచెం తెలుపు కలిపాను, వేరే కారణానికి. బంగాళాఖాతం ఎండ వెలుగు ముందు మన గదిలో ట్యూబ్‌లైట్ వెలుగు ఎంత? ఆ వెలుగులో ఏ బూడిదైనా నల్లబడ్డట్టు కనిపిస్తుంది. ఒక చిన్న ప్లాస్టిక్ రేకు మీద నాలుగు రకాలు వేసి, మోడల్ పెట్టబోయే అల్మరాలోనే, సాయంత్రం పూట పెట్టి చూసుకుంటే ఏది సరిపోతుందో కళ్లే చెబుతాయి.

తర్వాత పొగగొట్టాలు. ఎమ్డెన్‌కి ఉన్నవి మూడే. కానీ ఆ సముద్రంలో తిరిగే బ్రిటిష్ క్రూయిజర్ యార్మత్‌కి నాలుగు. దూరం నుంచి ఓడని గుర్తుపట్టే పద్ధతుల్లో పొగగొట్టాలు లెక్కపెట్టడం ముఖ్యమైనది. అందుకని ముల్లర్ మనుషులు గుడ్డతో ఒక ఉత్తుత్తి పొగగొట్టం తయారుచేశారు, కావాల్సినప్పుడు నిలబెట్టి, అక్కర్లేనప్పుడు దించెయ్యడానికి. పెనాంగ్‌లోకి దూరిన తెల్లవారుజామున అది నిలబడి ఉంది. అక్టోబరు 28 ఎమ్డెన్ కట్టేవాళ్లు నాలుగో పొగగొట్టం పెట్టాల్సిందే, అది కూడా మిగతా మూడింటిలా నున్నగా గట్టిగా కాకుండా. పల్చటి టిష్యూ కాగితం, సన్నటి పుల్లలు, నీళ్లు కలిపిన తెల్లజిగురు ఉంటే చాలు. కాగితం ఆరేటప్పుడు పుల్లల మధ్య కాస్త లోపలికి పీక్కుపోతుంది, అప్పుడు నిజంగానే చట్రానికి బిగించిన గుడ్డలా ఉంటుంది.

నవంబరు 9 పొద్దున నాటి ఓడ ఇంకో రకం. ఆ రోజు కోకోస్‌లోని డైరెక్షన్ దీవి మీది టెలిగ్రాఫ్ స్టేషన్‌ని నాశనం చెయ్యడానికి హెల్‌ముత్ ఫాన్ మ్యూకె అనే అధికారి వెంట యాభై మంది దాకా వెళ్లారు. ఒక ఆవిరి లాంచీ, దాని వెనక రెండు పడవలు. స్టేషన్ వాళ్లు చిక్కేలోపే వింత ఓడ వచ్చిందని వైర్‌లెస్ కొట్టేశారు. సిడ్నీ పొగ కనిపించగానే వాళ్ల కోసం ఆగకుండా ఎమ్డెన్ కదిలిపోయింది. అంటే యుద్ధం జరిగేటప్పుడు ఆ లాంచీ, ఆ రెండు పడవలు ఓడ మీద లేవు. సిడ్నీతో పోరాడుతున్న ఎమ్డెన్ అని డయోరామా, అంటే సముద్రంతో సహా ఆ దృశ్యమంతా, కట్టి, పడవలన్నీ వేలాడదీస్తే ఆ కథలో సగం చెరిగిపోయినట్టే. దీవి మీద మిగిలిపోయిన మ్యూకె బృందం అయేషా అనే పాత తెరచాప ఓడ ఎక్కి, అరేబియా మీదుగా చివరికి కాన్‌స్టాంటినోపుల్ చేరింది. ఖాళీ కొక్కేల వెనకాల అంత కథ ఉంది.

ఇంకో పొరపాటు ఓడ ముక్కు దగ్గర. పెద్ద ఇనుప శిలువ అతికించిన మోడళ్లు కనిపిస్తుంటాయి. ఆ శిలువ జర్మన్ సైనిక పతకం గుర్తు, ఎమ్డెన్‌కి గౌరవంగా ఇచ్చింది. దాన్ని మోసింది అదే పేరుతో 1916లో వచ్చిన రెండో ఎమ్డెన్. మన మద్రాసు ఎమ్డెన్ ముక్కు మీద అది లేదు. అలాగే దీని జంట ఓడ డ్రెస్డెన్. పైకి రెండూ ఒక్కలాగే ఉంటాయి. డ్రెస్డెన్‌లో టర్బైన్లు, నీటి కింద నాలుగు ప్రొపెల్లర్లు. ఎమ్డెన్‌లో పిస్టన్ ఇంజన్లు, రెండే ప్రొపెల్లర్లు. నీటిగీత వరకే కట్టేవాళ్లకి ఈ గొడవ లేదు. పూర్తి హల్ కట్టేవాళ్లు తోక కింద లెక్కపెట్టుకోవాలి.

అనుమానం వస్తే తేల్చుకోవడానికి అసలు ఓడ ఇప్పుడు లేదు. పగడపు దిబ్బ మీద తుప్పుపట్టిన శిథిలాన్ని 1950ల్లో ముక్కలు చేసి పాత ఇనుముగా పట్టుకుపోయారు. కానీ దాని ఫిరంగి ఒకటి సిడ్నీ నగరంలో హైడ్ పార్క్ మూల మీద ఉంది. ఆస్ట్రేలియాలో మనవాళ్లు ఇంతమంది ఉన్నారు, అటు వెళ్లినప్పుడు ఒకసారి దాని పక్కన నిలబడి చూడండి. మోడల్లో 12 మిల్లీమీటర్లే ఉండే ఆ ముక్క అసలు ఎంత ఉంటుందో అప్పుడు తెలుస్తుంది.

నేను ఎంచుకున్న రోజు

నాది సెప్టెంబరు 22. బూడిద రంగు, మూడు పొగగొట్టాలు, పడవలన్నీ ఉన్నాయి, ముక్కు మీద శిలువ లేదు. కొత్త ఓడలా నిగనిగలాడకూడదు. నెలన్నరగా రేవు మొహం చూడని ఓడ అది. సముద్రం మధ్యలోనే పక్కన సరుకు ఓడని ఆనించుకుని బొగ్గు ఎక్కించుకునేది. అలలకి రెండు ఓడలూ ఒరుసుకుని పక్కలు గీసుకుపోయేవి. ఎక్కువ రోజులు తిరగాలని డెక్ మీద కూడా బొగ్గు పోసుకునేవాళ్లు. అందుకే హల్ నడిమి భాగంలో, పడవ తాకే ఎత్తున, రంగు కాస్త రుద్దాను. లంగరు గొలుసు కింద తుప్పు చార ఒకటి. పొగగొట్టాల పై అంచున మసి, గాలి వెనక్కి ఈడ్చినట్టు వెనక వైపుకే. డెక్ మీద రెండు చోట్ల బొగ్గు కుప్పలు. వాటికి మన ఇస్త్రీ బళ్ల దగ్గర దొరికే బొగ్గే నూరి, చీరపేలికలో జల్లించి వాడాను. అసలు బొగ్గుకి అసలు బొగ్గు కంటే బాగా సరిపోయేది నాకు దొరకలేదు.

కట్టడం పూర్తయిన రాత్రి మా హాల్లో ఒక మూల టీపాయ్ మీద ఓడని పెట్టాను. మూడు కిలోమీటర్లని 350తో భాగిస్తే ఎనిమిదిన్నర మీటర్లు. హాల్లో అంత దూరం లేదు. తలుపు తీసి, వసారా దాటి, గేటు దగ్గరి దాకా టేపు పట్టుకుని కొలిచాను. అక్కడ గోడ మీద చమురు ట్యాంకుల లెక్కన రెండు సీసా మూతలు పెట్టి, వీధి లైటు వెలుగులో నిలబడి ఇంట్లోకి చూశాను. లోపల లైటు ఆర్పేసి, మా అమ్మాయి మొబైల్ టార్చిని ఓడ వెనకనుంచి నా వైపు తిప్పింది. వెలుగు నేరుగా కళ్లలో పడింది. కళ్లు చికిలించి ఎంత చూసినా ఓడ కనిపించలేదు. పొగగొట్టాలు మూడో నాలుగో, రంగు తెలుపో బూడిదో, నేను నాలుగు రాత్రులు తవ్విన కిటికీలు, ఏదీ ఆనలేదు. ఆ రాత్రి మద్రాసు తీరాన నిలబడినవాళ్లకి ఎమ్డెన్ అలాగే కనిపించి ఉంటుంది. టార్చి ఆర్పమన్నాను.